చిన్న చేతులకు పెద్ద మైదానం

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు క్రికెట్‌తో పాటు బేస్‌బాల్ కూడా ఆడుతున్నారు. క్రికెట్ తెలిసిన తల్లిదండ్రులకు ఆ ఆట త్వరగానే బోధపడుతుంది గానీ, పిల్లవాడికి పదమూడో ఏడు రాగానే ఎదురయ్యే చిక్కు ఒకటి మాత్రం అంతుపట్టదు. నిరుటి దాకా జట్టుకు అండగా నిలిచిన కుర్రాడు ఒక్కసారిగా తేలిపోతాడు. విసిరిన బంతి బేస్‌కు చేరదు. పరుగు తీస్తే బేస్ అందదు. వాడి ప్రతిభ ఇంతేనన్న నిర్ణయానికి రావడం ఇంట్లోవారికి తేలిక. వాస్తవానికి అక్కడ మారినది మైదానం.

పన్నెండేళ్ళ వరకు లిటిల్ లీగ్ పిల్లలు ఆడే మైదానంలో బేస్‌కు, బేస్‌కు నడుమ దూరం 60 అడుగులు. పిచర్ 46 అడుగుల దూరం నుంచి బంతి విసురుతాడు. పూర్తిస్థాయి మైదానంలో ఇవి 90 అడుగులు, 60 అడుగుల 6 అంగుళాలు. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులని గుర్తు చేసుకుంటే ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది. బేస్‌ల నడుమ చతురస్రం వైశాల్యం 3,600 చదరపు అడుగుల నుంచి 8,100కు, అంటే రెండుంపావు రెట్లకు పెరుగుతుంది. క్యాచర్ రెండో బేస్‌కు విసరవలసిన దూరం సుమారు 85 అడుగుల నుంచి 127 అడుగులు దాటుతుంది. ఒక్క శీతాకాలం గడిచేసరికి ఏ పిల్లవాడి భుజబలమూ ఆ లెక్కన పెరగదు.

ఇది కొత్తగా తలెత్తిన సమస్య కాదు. లిటిల్ లీగ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో ఆరంభమైంది. అందులో వయసు మీరిన పిల్లలు ఒక్కసారిగా పెద్ద మైదానంలో పడి ఇబ్బంది పడుతున్నారన్న ఉద్దేశంతోనే 1951లో అదే రాష్ట్రంలోని వాషింగ్టన్ పట్టణంలో పోనీ లీగ్ పుట్టింది. 13, 14 ఏళ్ళ వారికి 80 అడుగుల బేస్‌లు, 54 అడుగుల పిచింగ్ దూరం అది పాటించే కొలతలు. లిటిల్ లీగ్ సంస్థ మాత్రం 11 నుంచి 13 ఏళ్ళ వారి కోసం 50, 70 అడుగుల కొలతలతో మధ్యంతర విభాగాన్ని 2010లో ప్రయోగాత్మకంగా చేపట్టి, 2013లో స్థిరపరచింది. ఇంత ఆలస్యం ఎందుకైందన్నది అడగదగిన ప్రశ్నే. మన ఊళ్ళలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆడేవారి వయసును బట్టి అడుగులు వేసి పిచ్ కొలుచుకుంటారు మరి.

దూరంతో పాటు ఆట స్వభావమూ మారుతుంది. లిటిల్ లీగ్ చిన్న మైదానంలో బంతి బ్యాటర్‌ను చేరేదాకా రన్నర్ బేస్ వదలరాదు. పెద్ద మైదానంలో ముందే కొన్ని అడుగులు జరిగి నిలబడవచ్చు. అందువల్ల పిచర్ బ్యాటర్‌తో పాటు రన్నర్ మీదా కన్ను వేయాలి. నిన్నటి దాకా ఆ అవసరమే లేని కుర్రాడికి ఇది కొత్త విద్య.

శిక్షణలో చేయదగినది చాలా ఉంది. బేస్‌లను మొదటి రోజే 90 అడుగులకు జరపకుండా 70, 80 అడుగుల వద్ద కొన్ని వారాలు ఆడించవచ్చు. మూడో బేస్ నుంచి మొదటి బేస్‌కు బంతి గాలిలోనే చేరాలన్న పట్టు విడిచి, ఒక్క టప్పాతో చేరేలా విసరడం నేర్పాలి. ఇలా విసిరిన బంతి తక్కువ ఎత్తులో, సూటిగా పోతుంది. అవుట్‌ఫీల్డ్ నుంచి వచ్చే బంతిని నడుమ మరొకరు అందుకుని విసిరే పద్ధతి చిన్న మైదానంలో అంతగా అక్కరకు రాదు. ఇక్కడ అదే ప్రాణం. చేతి బలం కంటే కాళ్ళ కదలిక ముఖ్యమని, ఒక అడుగు ముందుకు దూకి ఊపు తీసుకుని విసరాలని పిల్లలకు అలవాటు చేయాలి.

వీటన్నిటి కంటే గట్టిగా ఆలోచించవలసినది చేతి సంగతి. దూరం చాలక కుర్రాడు మరింత బలంగా విసరబోతాడు. ఎదిగే ఎముకల చివర ఉండే మృదులాస్థి ఇంకా గట్టిపడని వయసది. మోచేయి, భుజం దెబ్బతినేది ఇక్కడే. అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ 9 నుంచి 14 ఏళ్ళ పిచర్లు 481 మందిని పదేళ్ళ పాటు పరిశీలించి 2011లో ఫలితాలు వెల్లడించింది. ఏడాదిలో 100 ఇన్నింగ్స్‌కు మించి పిచింగ్ చేసినవారికి తీవ్ర గాయాల ముప్పు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. లిటిల్ లీగ్ 2007 నుంచి బంతుల సంఖ్యపై పరిమితి విధించింది. 11, 12 ఏళ్ళ వారికి రోజుకు 85. 13, 14 ఏళ్ళ వారికి 95. ఒక రోజు 66 బంతులు, ఆపైన వేసినవారికి నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. అయితే ఒకే కుర్రాడు రెండు, మూడు జట్లకు ఆడితే ఈ లెక్క తల్లిదండ్రులే రాసుకోవాలి.

పదమూడేళ్ళ పిల్లల్లో ఒకడికి మీసాలు మొలుస్తుంటాయి, పక్కవాడు ఇంకా బాలుడిలాగే ఉంటాడు. మైదానం పెద్దదయ్యే కొద్దీ ముందుగా ఎదిగినవాడే మేటిగా కనిపిస్తాడు. ఆలస్యంగా ఎదిగేవాడు బెంచీకి పరిమితమై, చివరకు ఆటే మానేస్తాడు. ఇక్కడ శిక్షకుడి ఓర్పు కంటే ఇంట్లోవారి ఓర్పే ఎక్కువ అవసరం. 90 అడుగుల జూనియర్ విభాగంలో 12 నుంచి 14 ఏళ్ళ వారు ఆడవచ్చు. మధ్యంతర విభాగంలో 13 ఏళ్ళ వారికీ చోటుంది. అది అన్ని స్థానిక లీగ్‌లలోనూ ఉండదు. ఉన్నచోట సైతం ఆ ఏడాదిని వెనుకబాటుగా భావించి పిల్లవాడిని పెద్ద మైదానానికి తరలించే తల్లిదండ్రులు, వాడి భుజం అందుకు సిద్ధంగా ఉందో లేదో ముందుగా చూసుకోవడం మంచిది.