అడవి పందికి ఏ రైఫిల్, ఏ స్కోప్? మా బామ్మర్ది అడిగిన ప్రశ్నకు నా జవాబు



పోయిన వీడియోలో మా పల్లి చేను చూసే ఉంటరు. దున్నినట్టు తిరగేసి ఉన్నది చూసి ట్రాక్టర్ తొక్కించినమా అని కొందరు అడిగిండ్రు. ట్రాక్టర్ కాదు. ఒక్క రాత్రి అడవి పందుల మంద చేసిన పని అది. మేము పల్లి పండించి, గానుగ పట్టించి నూనె అమ్ముతం. చేనులో ఒక మూల పోతే కాయ ఒక్కటే పోదు, ముందే డబ్బులు కట్టిన వాళ్లకు నూనె ఇయ్యలేక మాట కూడా పోతది.

ఆ వీడియో చూసి మా బామ్మర్ది ఫోన్ చేసిండు. వాళ్లది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల దిక్కు, అడవి అంచు ఊరు. నాలుగెకరాల పల్లి, రెండెకరాల మక్క. "బావా, ఇగ లాభం లేదు. అన్నిటికి పనికొచ్చే ఒక రైఫిల్ కొంట, మీద మంచి స్కోప్ పెట్టిస్త. నువ్వు చదువుకున్నోనివి, ఏది మంచిదో చూసి చెప్పు" అన్నడు. వెనుకనే పది యూట్యూబ్ లింకులు పంపిండు. అన్నీ అమెరికావి.

నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. అందులో తుపాకీ పాఠం లేదు. కాని వాని కోపం నాకు తెలుసు, ఎందుకు తెలుసో కింద చెప్తా. అందుకని పది పదిహేను రోజులు కూర్చొని చట్టం చదివిన, లైసెన్స్ ఉన్న ఒక పెద్దాయనను కలిసి మాట్లాడిన. ఇది వానికి చెప్పిన జవాబే. మీలో చాలామందికి అదే ప్రశ్న ఉన్నదని రాస్తున్న.

ముందు ఆ అమెరికా వీడియోల సంగతి. టెక్సాస్‌లో తిరిగే పందులు చాలా వరకు పెంపుడు పందులు అడవి పట్టినవి, బయటి నుంచి తెచ్చినవి. అక్కడ 2019 నుంచి సొంత భూముల్లో వాటిని కొట్టడానికి వేట లైసెన్స్ కూడా అక్కర్లేదు. రాత్రిపూట థర్మల్ స్కోప్ పెట్టి కాల్చుకోవచ్చు. అన్ని తుపాకులు పేలినా అక్కడ పందుల బాధ తీరలేదన్నది వేరే మాట. మన అడవి పంది ఈ నేల జంతువే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నది. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్‌లోకి వచ్చింది. అనుమతి లేకుండా కొడితే మూడేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కృష్ణ ఒడ్డు ఊర్లలో చేలు మేసే కృష్ణ జింక మొదటి షెడ్యూల్. దాని మీద తుపాకీ ఎత్తితే కనీసం మూడేండ్లు, ఏడేండ్ల దాకా పడొచ్చు. అంటే "అన్నిటికి పనికొచ్చే" రైఫిల్ అనే మాటకు మన దగ్గర అర్థమే లేదు. అనుమతి దొరికితే గిదొక్క పందికే దొరకాలె. మిగతా దేనికీ లేదు.

ఇగ తుపాకీ చట్టం. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలా అనే మాట ఉన్నది. అయితే అక్కడ పంట కాపలాకు రాసింది రైఫిల్ కాదు, మూతి దిక్కు నుంచి మందు కూరే తుపాకీ, మనోళ్లు భర్మార్ అంటరు కదా, అది. ఆత్మరక్షణకు, క్రీడకు అయితే 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీ, అంటే 12 బోరు లాంటిది. రైఫిల్‌కు లైసెన్స్ రాదని కాదు, దానికి నీకు గట్టి కారణం ఉన్నదని అధికారి ఒప్పుకోవాలె. 2016 నిబంధనల ప్రకారం తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్న సర్టిఫికెట్ కావాలె, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు చూపాలె. ఎలక్షన్ వచ్చిందంటే తుపాకీ పోలీస్ స్టేషన్‌లో పెట్టాలె. ఎలక్షన్ కోడ్ పల్లి కాయ పట్టే నెలలోనే పడితే మీ రైఫిల్ స్టేషన్‌ల, పందులు చేనుల.

ఇవన్నీ దాటినా కొనే సరుకు ఎంత ఉన్నది? వీడియోల్లో కనిపించే విదేశీ రైఫిళ్లు మామూలు లైసెన్స్ మీద కొత్తగా తెప్పించుకోనియ్యరు. ఒకప్పుడు మిలిటరీ వాడిన .303 లాంటివి నిషేధిత బోరు. మామూలు మనిషికి మిగిలేది బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .315, 30-06, చిన్నదైన .22. ఇందులో .22 పందికి చాలదు, గాయపడ్డ పంది పల్లి చేనుల కాదు, మనిషి మీదికి వస్తది. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ గన్ సంగతి అడగనే వద్దు. దానితో కొట్టినా చట్టం ముందు అది వేటే. పంది చావదు, గుల్ల పట్టి తిరుగుతది. మిగిలిన రెండింటికి బలం ఉన్నది. వాటి బలమే మనకు ముప్పు.

మన చేలు ఎట్లుంటయో మీకు తెలియంది కాదు. వనపర్తి, గద్వాల దిక్కు బల్లపరుపు నేల. 30-06 తూటా పందిని తప్పితే మూడు కిలోమీటర్లు దాటి కూడా పోగలదు. ఆ మూడు కిలోమీటర్లల్ల ఏముంటయి? బోరు దగ్గర మంచం వేసుకొని పడుకున్న రైతు ఉంటడు, చేనుల గొర్ల మంద పెట్టిన గొల్లాయన ఉంటడు. నడిగడ్డలో సీడ్ పత్తి చేలకు పొద్దుపొద్దునే పుప్పొడి రుద్దే ఆడోళ్లు ఆటోల్ల దిగుతరు. వెనుక మట్టి గట్టు లేకుండా రైఫిల్ పేల్చుడు, కళ్లు మూసుకొని రాయి విసిరినట్టు.

స్కోప్ సంగతి కూడా చెప్పిన. బామ్మర్ది మనసు పడ్డది 3-9x40. అక్కడ "అన్నిటికి ఒక్కటే" అని అమ్మేది ఇదే. 3-9 అంటే మూడింతల నుంచి తొమ్మిదింతల దాకా పెద్దగ చూపిస్తది, 40 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లల్ల. 40ని 9తో భాగిస్తే నాలుగున్నర కూడా రాదు. కంటికి వచ్చే వెలుగు కట్ట అంతే వెడల్పు. చీకట్ల మన కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటది. కాబట్టి రాత్రి తొమ్మిదింతల మీద పెడితే బొమ్మ పెద్దగ, మసకగ వస్తది. పైగా మన పంది వచ్చేది ముప్పై నలభై మీటర్లల్ల. అంత దగ్గర తొమ్మిదింతలల్ల పంది వెంట్రుకలు కనిపిస్తయి, పంది ఎటు తిరిగిందో కనిపించదు. ఈ పనికి స్కోప్ అంటూ కావాలంటే ఒకటి నుంచి నాలుగింతల చిన్నది చాలు, కంటికి అద్దానికి మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండాలె, లేకుంటే వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ పగులుతది. స్కోప్ పెట్టినంక గురి కుదిర్చి చూసుకోవాలె, అది షూటింగ్ రేంజ్‌ల చేసే పని. బావి గడ్డన డబ్బా పెట్టి కాలుస్తా అంటే ఊరు ఊరంతా లేస్తది. థర్మల్ స్కోప్ వేడిని చూపిస్తది. కాని మక్క కర్రల వెనుక, మట్టి గోడ వెనుక ఎవరున్నరో అది చెప్పదు.

పెద్దాయన చెప్పిన మాట నాకు బాగ నచ్చింది. మన పొలాలకు, అనుమతి ఉన్న రాత్రికి, తగిన తుపాకీ 12 బోరే. దాని పెద్ద గుల్లలు ముప్పై నలభై మీటర్ల దాకే నమ్మకంగ పని చేస్తయి, రైఫిల్ తూటా అంత దూరం ఎగిరిపోవు. దాన్ని కూడా మంచె మీద నుంచి, కిందికి పట్టి కాల్చాలె. తప్పినా గుల్ల మట్టిలకే పోతది. మన తాతలు జొన్న చేలల్ల మంచె వేసింది పిట్టల కోసమే అనుకుంటం. దూరం కనపడుడు, కింద చూపు ఉండుడు, నేల మీద జంతువుకు మనం అందకపోవుడు, ఇన్ని లాభాలున్నయి దాంట్ల.

కాని ఆ 12 బోరు కూడా బామ్మర్ది చేతుల ఉండాల్సిన అవసరం లేదు. 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం సర్పంచులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల అధికారం ఇచ్చి, పంట పాడు చేసే అడవి పందులను కొట్టడానికి అనుమతి ఇచ్చే దారి తెరిచింది. కొట్టేది రైతు కాదు, ప్యానెల్‌ల పేరున్న షూటర్. చచ్చిన పందిని పూడ్చాలె, కూర వండుకునుడు కుదరదు. కేరళ కూడా 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇట్లాంటి అధికారమే ఇచ్చింది.

నా అసలు కోపం ఇక్కడున్నది. దారి తెరిచిండ్రు, నడిచేటట్టు చేయలే. 2024 ఫిబ్రవరి మొదట్ల సర్పంచుల పదవీకాలం అయిపోయింది. రెండేండ్లకు దగ్గర ఊర్లల్ల సర్పంచే లేడు, ప్రత్యేక అధికారుల పాలన. సంతకం పెట్టే చెయ్యే లేదంటే రైతు ఎవర్ని అడగాలె? 2025 డిసెంబర్ ఎన్నికలతోని కొత్త సర్పంచులు వచ్చిండ్రు. వాళ్లల్ల ఎంతమందికి ఈ అధికారం సంగతి తెలుసు? మా దిక్కు నేను అడిగిన ఇద్దరికి తెలియదు. పల్లి కాయ పాలు పోసుకున్నకాన్నుంచి పీకేదాక ఒక నెలన్నర. అనుమతి కాయితం అంతకంటే ఎక్కువ తిరిగితే అది పంటకు కాదు, ఫైలుకు. రైఫిల్ కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగే ఓపిక ఉంటే, ఆ ఓపికతోని గ్రామసభల అడుగుదాం. షూటర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పంచాయతీ గోడ మీద రాయించుదాం. విత్తనం వేసేటప్పుడే తీర్మానం చేయించి పెట్టుకుందాం, చేను పోయినంక కాదు.

ఇంకో మాట, ఇది మనసుకు కొంచెం కష్టమే. మన ప్రకృతి సాగు చేలకు పందులు ఎక్కువ ఎందుకు వస్తయో ఆలోచించిండ్రా? జీవామృతం పోసి, ఆకులు కప్పి, తేమ నిలబెట్టి వానపాములను పెంచుతం. పందికి వానపాము, వేరు పురుగు అంటే ప్రాణం. మా చేనుల అది కాయ కోసం తవ్విన దానికంటే మల్చింగ్ కింద తవ్విందే ఎక్కువ. పక్కన మందులు కొట్టిన చేనుల అంత తవ్వలే. దానికి తోడు కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు వచ్చినంక రెండు కార్లు పచ్చని పంట, కాల్వల పొంటి సర్కారు తుమ్మ. తిండి, నీళ్లు, దాక్కునే పొద అన్నీ మనమే ఇచ్చినం. పురుగుకు మిత్ర పురుగు ఉన్నట్టు పందికి చిరుతపులి, రేచుకుక్క ఉన్నయి. అవి అమ్రాబాద్ అడవిల ఉన్నయి, మన చేలల్ల లేవు. ఒక ఒంటి పందిని కొట్టినా మంద ఆగదు. ఆడ పంది ఒక్క ఈతకు నాలుగైదు పిల్లలు పెడతది.

ఇగ నేను పైన దాచిన మాట. నాలుగేండ్ల కింద నేను కూడా కోపంతో స్టార్టర్ డబ్బ నుంచి తీగ లాగి గట్టు చుట్టూ కరెంటు పెట్టిన. ఒక్క రాత్రే. తెల్లారక ముందే తీసేద్దామని అలారం పెట్టుకున్న, మెలకువ రాలే. అమ్మ చీకటితోనే చేనుకు పోయింది. ముందు మా కుక్క నడిచింది. కుక్క అరుపు విని అమ్మ ఆగింది. ఆ రోజు నుంచి మా ఇంట్ల కుక్కను పెంచలే, అమ్మ వద్దన్నది. ఇప్పుడు కూడా ఊర్లల్ల ఇట్లనే తీగలు పెడుతున్నరు, మనుషులు పోతున్నరు, పెట్టిన రైతు జైలుకు పోతున్నడు. రైఫిల్ అడిగిన బామ్మర్దిని నేను తిట్టకపోవడానికి కారణం ఇది. వాడు తీగ అడగలే, నయం.

తర్వాత నేను పెట్టింది సోలార్ జట్కా మిషన్. అది కూడా కరెంటే, కాని సెకనుకు ఒక్కసారి చిన్న దెబ్బ కొట్టి వదిలేస్తది, పట్టి ఉంచదు. పంది మూతికి తగిలితే వెనక్కి పోతది. కింది తీగ నేలకు జానెడు ఎత్తులనే ఉండాలె, చాలామంది మోకాలెత్తు పెట్టి మిషన్ పనిచేయట్లేదు అంటరు. కింద గడ్డి తగిలితే దెబ్బ నేలకు పోతది, మనం గడ్డి మందు కొట్టం కాబట్టి పది రోజులకోసారి కొడవలి పట్టాలె. పల్లి చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేయమని రాజేంద్రనగర్ యూనివర్సిటీ వాళ్లు చెప్తరు, ఆ ముళ్లు పందికి గుచ్చుకుంటయి, గింజ మనకు గానుగకు పనికొస్తది. మురిగిన కోడిగుడ్ల ద్రావణం కూడా కొడుతున్న, వానపడితే మళ్లీ కొట్టాలె. వీటన్నిటికి అయిన ఖర్చు పెద్దాయన తన తుపాకీకి, తూటాలకు చెప్పిన లెక్కల ఒక మూలకు రాదు. అయినా నష్టం సున్నా అని చెప్పను. పోయిన వీడియోల చూసింది మిషన్ లేని దిక్కే, ఒక పక్క తీగ చాలక వదిలేసిన.

బామ్మర్ది పూర్తిగ ఒప్పుకోలే. "మీది అడవికి దూరం బావా, మాది అంచు" అన్నడు. అది నిజమే. కాని మొన్న ఆదివారం పోయి చూస్తే చేను నడుమ మంచెకు గుంజలు పాతుతున్నడు, సర్పంచ్‌కు ఇయ్యాల్సిన దరఖాస్తు జేబుల ఉన్నది. మంచె మీద కూర్చొని మేమిద్దరం కింది తీగ ఎంత ఎత్తుల గుంజాలె, మూలల దగ్గర ఎట్ల బిగించాలె అని కొలిచినం. వచ్చే వీడియో అదే.