నొప్పి ఎవరు చెబితే నిజమవుతుంది?

మూడేళ్ళ క్రితం మా అన్నయ్యకు 52 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది. తోడబుట్టినవాళ్ళంతా పరీక్షలు చేయించుకోమన్నారు. నా రిపోర్టులో ఎల్‌డిఎల్ కొలెస్టరాల్ 186 అని వచ్చింది. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరు ఆ కాగితం చూసి, అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల మాత్ర రాసి, "రాత్రి భోజనమయ్యాక ఒకటి మేడమ్, ఇక జీవితాంతం" అన్నాడు. నా బరువెంతో అడగలేదు. ఇంకేం మందులు వాడుతున్నానో అడగలేదు. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు, ఆయన ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు.

ఆరో వారానికల్లా మెట్లెక్కుతుంటే తొడలు బరువెక్కడం మొదలైంది. బాత్రూంలో ముక్కాలిపీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే భుజాలు లాగేసేవి. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి మెలకువ వచ్చేది. డాక్టరుకి చెప్పాను. "ఈ వయసులో మామూలే, మెనోపాజ్ దగ్గర పడుతోంది కదా" అన్నాడు. రెండోసారి చెబితే నవ్వి, "మీలా చదువుకున్నవాళ్ళతోనే మాకు ఇబ్బంది. మందు చీటీ మీద సైడ్ ఎఫెక్టులు చదువుతారు, అవన్నీ తెచ్చుకుంటారు" అన్నాడు. నా ఫైల్లో ఆ రోజు 'కంటిన్యూ' అన్న ఒక్క మాట రాశాడు. నేను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అందులో లేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇరవై ఏళ్ళుగా స్త్రీల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్నదాన్ని. డాక్టరుని ప్రశ్నించండి, ఏ మందో ఎందుకో అడగండి అని ఎన్ని శిక్షణా శిబిరాల్లో చెప్పానో లెక్కలేదు. అలాంటిదాన్ని ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాను. మూడు నెలల తర్వాత పరీక్షలో కొలెస్టరాల్ దాదాపు ఎక్కడున్నది అక్కడే ఉంది. "రోజూ వేసుకుంటున్నారా?" అంటే వేసుకుంటున్నానన్నాను. అయితే ఈ డోసు చాలడం లేదని 80 మిల్లీగ్రాములకు పెంచాడు. నా మాట వినని డాక్టరు, ఆయనకు అబద్ధం చెప్పిన నేను, ఇద్దరం కలిసి నాకు రెట్టింపు మోతాదు రాయించాం.

ఇది నా ఒక్కదాని సంగతే అయితే రాసేదాన్ని కాదు. ఆ రోజుల్లోనే ఫీల్డు పని మీద కరీంనగర్ జిల్లాలో ఒక ఊరికి వెళ్ళాను. అక్కడ అంగన్‌వాడీ టీచరుకి ఎనిమిది నెలల క్రితం ఆరోగ్యశ్రీ కింద గుండెకు స్టెంటు వేశారు. ఆమె కూడా కాళ్ళు గుంజుతున్నాయని డాక్టరుకి చెప్పింది. "పొలం పనికి పోతవా? పోతే గుంజుతయి మరి. గోలీలు వేస్కో, పో" అన్నాడట. నన్ను 'మేడమ్, మీరు' అని తీసిపారేశారు, ఆమెను 'నువ్వు, పో' అని తీసిపారేశారు. తేడా అంతే. ఆ తర్వాత ఆమె చెప్పిన మాటకు నా గుండె ఆగినంత పనైంది. "అయిదు గోలీలల్ల ఏది గుంజుతున్నదో నాకెట్ల తెలుస్తది మేడం? అందుకే అన్నీ బందు పెట్టిన." అప్పటికి పన్నెండు రోజులైంది. ఆ అయిదింట్లో స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్రలు కూడా ఉన్నాయి. స్టెంటు వేసిన మొదటి ఏడాదిలో వాటిని హఠాత్తుగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

స్టాటిన్‌లు పనికిమాలిన మందులని నేను అనడం లేదు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళలో, స్టెంటు వేసినవాళ్ళలో అవి ప్రాణాలు కాపాడతాయి. అందులో సందేహానికి తావు లేదు. ప్రకృతి వైద్యం పేరుతో వాటిని విషమని ప్రచారం చేసేవాళ్ళు మన స్త్రీలకు మేలు చేయడం లేదు. అలాగని ఆ మాత్రల చరిత్ర మచ్చలేనిదీ కాదు. సెరివాస్టాటిన్ అనే మందు కండరాలను కరిగించి కిడ్నీలను దెబ్బతీసి అనేకమంది ప్రాణాలు తీసింది, 2001లో దాన్ని మార్కెట్టు నుంచి ఉపసంహరించుకున్నారు. మిగిలిన స్టాటిన్‌లతో అంత తీవ్రమైన నష్టం చాలా అరుదు.

మామూలు కండరాల నొప్పుల సంగతేమిటి? ఇక్కడ డాక్టర్ల చేతిలో గట్టి ఆధారాలే ఉన్నాయి, వాటిని దాచడం నిజాయితీ కాదు. స్టాటిన్‌నూ ఉత్తుత్తి మాత్రనూ పోల్చిన 19 ప్రయోగాల్లోని సుమారు 1,24,000 మంది సమాచారాన్ని ఒకచోట చేర్చి 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. స్టాటిన్ వేసుకున్నవాళ్ళలో 27.1 శాతం మందికీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 26.6 శాతం మందికీ కండరాల బాధలొచ్చాయి. అంటే ఎక్కువ భాగం నొప్పులకు మాత్ర కారణం కాదు. మొదటి ఏడాదిలో మాత్రం వెయ్యి మందికి 11 మంది చొప్పున అదనంగా బాధపడ్డారు. ఆ పదకొండు మందిలో ఒకామె మీ ఎదురుగా కూర్చుని చెబుతుంటే "అది మీ భ్రమ" అనడానికి ఏ అంకె ఒప్పుకుంటుంది?

డాక్టర్లు ఎక్కువగా చూపించే మరో అధ్యయనం లండన్‌లో జరిగింది, 2020లో ప్రచురితమైంది. నొప్పుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, కొన్ని నెలలు ఏమీ ఇవ్వలేదు. ప్రతిరోజూ బాధ ఎంత ఉందో నూటికి ఎన్ని మార్కులో నమోదు చేయించారు. ఏమీ వేసుకోని నెలల్లో సగటున 8, ఉత్తుత్తి మాత్రకు 15.4, అసలు మాత్రకు 16.3 వచ్చాయి. చూశారా, అంతా మనసులోనే ఉంది అంటారు. నాకు దీంట్లో వేరే సంగతి కనిపిస్తుంది. ఉత్తుత్తి మాత్రతో వచ్చిన నొప్పి కూడా నొప్పే, ఆ రాత్రి కూడా నిద్ర పట్టదు. పైగా ఆ పరిశోధకులు ఏం చేశారు? ఒక ఏడాదిపాటు, రోజూ, ఆ మనుషుల మాట విని రాసుకున్నారు. ఆ తర్వాత ఎవరి అంకెలు వాళ్ళకు చూపించి వివరించారు. వాళ్ళలో సగం మంది మళ్ళీ మాత్ర మొదలుపెట్టారు. రోగి మాటను కొట్టిపారేయడానికి వాడుతున్న అధ్యయనంలోనే, రోగి మాట వింటే మందు నిలబడుతుందని తేలింది.

2007లో ప్రచురితమైన ఒక కాలిఫోర్నియా అధ్యయనంలో 650 మంది రోగుల అనుభవాలు సేకరించి చూస్తే, దుష్ఫలితాల ప్రస్తావన తెచ్చింది ఎక్కువగా రోగులే. డాక్టర్లు అవి మందు వల్ల కావచ్చని ఒప్పుకున్న సందర్భాల కన్నా కాదని తోసిపుచ్చిన సందర్భాలే ఎక్కువ. డాక్టరు కాదన్నాక ఆ సంగతి ఎక్కడా నమోదు కాదు. నమోదు కానిది లెక్కలోకి రాదు. లెక్కలో లేదు కాబట్టి తర్వాతి రోగికి "అలా జరగదే" అని చెప్పొచ్చు.

ఈ చక్రంలో స్త్రీలు ఎక్కడున్నారు? 1994లో స్టాటిన్‌లకు పేరు తెచ్చిన స్కాండినేవియా ప్రయోగంలో 4,444 మందిలో స్త్రీలు 827. మరుసటి ఏడాది వచ్చిన స్కాట్లండ్ ప్రయోగంలో 6,595 మందీ పురుషులే. అమెరికాలో 1977 నుంచి 1993 దాకా, పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలను మందుల తొలి దశ ప్రయోగాలకు దూరంగా పెట్టాలన్న మార్గదర్శకం అమల్లో ఉండేది. స్టాటిన్‌ల మేలు స్త్రీలకూ ఉందని తర్వాతి లెక్కల్లో తేలింది, మంచిదే. కానీ కండరాల దెబ్బ ఎవరికి ఎక్కువ రావచ్చో చెప్పే జాబితాలో స్త్రీ కావడం, సన్నగా ఉండటం, వయసు మళ్ళడం, థైరాయిడ్ లోపం ఉన్నాయి. రోసువాస్టాటిన్ మన ఆసియా దేశాలవాళ్ళ రక్తంలో రెట్టింపు స్థాయిలో చేరవచ్చనీ, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం గురించి ఆలోచించాలనీ 2005 నుంచి అమెరికాలో ఆ మందు చీటీ మీదే ఉంది. మా టీచరు బరువు 44 కిలోలు. స్టెంటు వేశాక ఎక్కువ మోతాదు అవసరమే కావచ్చు. ఆ శరీరం దాన్ని ఎలా తట్టుకుంటోందో అడగడం కూడా అంతే అవసరం.

మా అన్నయ్య పోరు పడలేక చివరికి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మాత్ర మానేశాననీ, అబద్ధం చెప్పాననీ ముందే ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. నొప్పి రెండు వైపులా సమానంగా ఉందా, ఎప్పుడు మొదలైంది, మానేశాక ఎంత తగ్గింది అని వరసగా అడిగి రాసుకున్నారు. (ఆవిడ స్త్రీ కాబట్టి విన్నారని నేననుకోను. నన్ను మెనోపాజ్ పేరుతో సాగనంపినవాళ్ళలో ఒక స్త్రీ డాక్టరూ ఉంది.) థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 14 దాటింది. థైరాయిడ్ లోపమే కొలెస్టరాల్‌ను పెంచుతుంది, అదే కండరాల నొప్పులూ తెస్తుంది, అది సరిచేయకుండా స్టాటిన్ ఇస్తే ఆ నొప్పులు ఇంకా ముదరవచ్చు. కొన్ని వందల రూపాయల పరీక్ష. మొదటి రోజే చేయించాల్సింది, పోనీ నేను మొదటిసారి నొప్పి అన్నప్పుడైనా. థైరాయిడ్ మాత్రలతో కొన్ని నెలల్లో ఎల్‌డిఎల్ 186 నుంచి 148కి దిగింది. ఇప్పుడు ఇంకో స్టాటిన్ చిన్న మోతాదులో వేసుకుంటున్నాను. మెట్లెక్కుతున్నాను. అప్పటి నొప్పి మాత్రదా, థైరాయిడ్‌దా అంటే రెండిటి పాలూ ఉండొచ్చని ఆవిడ అన్నారు. అది తేల్చడం డాక్టరు పని. "నొప్పి ఉంది" అన్న మాట దగ్గరే నన్ను ఆపేస్తే తేల్చేదేముంటుంది?

మన ఉద్యమానికీ ఇందులో ఒక ప్రశ్న ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్ ఎన్ గర్భనిరోధక ఇంజెక్షను ఇస్తుంటే, అది ప్రయోగమని ఆడవాళ్ళకు చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది, 1986లో మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2010లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారని స్త్రీల సంఘాలు అడ్డం తిరిగితే అది ఆగింది. 2013లో పార్లమెంటరీ సంఘం కూడా తప్పుపట్టింది. ఆ పోరాటాల మీద నాకు గౌరవం ఉంది. అయితే మన ఆరోగ్య రాజకీయాలు గర్భసంచి దగ్గరే ఆగిపోయాయేమోననిపిస్తుంది. ఆనాటి కార్యకర్తలకు ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్ళు. మీటింగుల్లో భోజనాల వేళ ప్రతి బ్యాగులోంచీ మాత్రల డబ్బా బయటికొస్తుంది. బీపీ, షుగరు, కొలెస్టరాల్. వాటి గురించి మాట్లాడుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్టు, ఇంటి గొడవ చెప్పుకున్నట్టు ముడుచుకుపోతాం. గుండె జబ్బు మగవాళ్ళదని మనమూ నమ్మినట్టున్నాం.

సంఘాల్లో పనిచేసేవాళ్ళు వెంటనే వాడుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఒకటి 2010 నుంచి నడుస్తోంది. దానికి డాక్టరే కాదు, రోగి కూడా రాయవచ్చు, తెలుగులోనూ ఫారం ఉంది. ఉచిత ఫోను నంబరు 1800-180-3024. మందు వల్లేనని రుజువు చేయనక్కరలేదు, అనుమానం చాలు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అందుకే చెప్పిన బాధను ఫైల్లో రాయమని పట్టుబట్టండి. విడవకుండా ఉండే కండరాల నొప్పికి సీకే అనే రక్త పరీక్ష ఉంది. మూత్రం ముదురు రంగులో వస్తే, లేవలేనంత నీరసముంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మోతాదు తగ్గించడం, వేరే స్టాటిన్‌కు మారడం, ఎజెటిమైబ్ లాంటి వేరే రకం మందు వాడటం, ఇవన్నీ ఉన్న దారులే. నేను చేసినట్టు చెప్పకుండా మాత్రం మానకండి, స్టెంటు వేసినవాళ్ళైతే అసలే వద్దు.

టీచరుని ఆ వారమే నేనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నాలుగు మాత్రలు ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టించారు, అయిదోది మార్చారు. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలో అని ఆ రోజు వరండాలో కూర్చుని ఇద్దరం లెక్కపెట్టాం. సలుపు, పోటు, లాగుడు, పీకుడు, మంట, తిమ్మిరి. ఫైల్లో మాత్రం అన్నిటికీ కలిపి 'బాడీ పెయిన్స్' అని ఉంది. మొన్న ఆమె ఫోన్ చేసింది. ఊళ్ళో బీపీ గోలీలు వేసుకునే ఇంకొకామెకు కాళ్ళ వాపులట, ఆమె కోసం ఫారం నింపుతోంది. తన పాత సంగతి కూడా ఇంకో ఫారంలో రాస్తానంది. "గుంజుడు అని రాయాల్నా, నొప్పి అని రాయాల్నా మేడం?" అని అడిగింది. గుంజుడు అనే రాయమన్నాను.