అక్కడ తప్పు కాదట!

‘అయ్యగారూ, అక్కడ అది తప్పు కాదట గదా!’ కొన్ని నెలల క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగిన మాట ఇది. అమెరికాలో చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఆమె కుమారుడు సెలవుపై నిర్మల్ వచ్చాడు. వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్లాలి. మాదకద్రవ్యాలకు సంబంధించిన ఏ చట్టాన్నైనా ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న దరఖాస్తులో ఉంది. అక్కడ స్నేహితులతో కలిసి లైసెన్సు ఉన్న దుకాణంలో గంజాయి కొని రెండు మూడుసార్లు పీల్చాడట. బిల్లు కూడా ఇచ్చారు, పన్నూ కట్టాడు. మరి ‘లేదు’ అని రాస్తే అబద్ధమవుతుందా? వారి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ సంగతి రాస్తున్నాను.

అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రజలు 2012లో ఓటు వేసి పెద్దవాళ్లు గంజాయి వాడటాన్ని చట్టబద్ధం చేసుకున్నారు. ఇప్పుడు 20కి పైగా రాష్ట్రాలది అదే దారి. అయితే 1970 నాటి కేంద్ర చట్టం అలాగే ఉంది. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టమే చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెప్పింది. ఆ కేసులో ఒక రోగి మందుగా వాడుకోవడానికి ఇంట్లో పెంచుకున్న ఆరు మొక్కలను కేంద్ర అధికారులు నాశనం చేశారు. వీసాలు, గ్రీన్ కార్డులు, పౌరసత్వం కేంద్రం చేతిలోవి. కాబట్టి పక్కింటి అమెరికన్ నిశ్చింతగా కొనుక్కునే వస్తువే మన పిల్లవాడి బతుకును తలకిందులు చేయగలదు. కోర్టులో శిక్ష పడనక్కరలేదు, ‘వాడాను’ అని ఒప్పుకున్నా వీసా నిరాకరించవచ్చు. రాష్ట్ర చట్టం అనుమతించినా సరే, గంజాయి వాడినవారికి పౌరసత్వానికి కావలసిన మంచి నడవడి లేదని తేల్చవచ్చని అక్కడి వలస శాఖ 2019లో స్పష్టంగానే చెప్పింది.

మనకూ ఇది కొత్త కాదు. 1995 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు నేను యువకుణ్ణి. బాసర దాటి కొంతదూరం వెళ్తే మహారాష్ట్రలోని ధర్మాబాద్. ఇక్కడ నేరమైన సీసా అక్కడ నేరం కాదు. 1997లో నిషేధం ఎత్తేశారు, ఇక్కడా నేరం కాకుండా పోయింది. అంతెందుకు, గంజాయి మొక్కనే చూడండి. మన 1985 నాటి కేంద్ర చట్టంలో పూత నేరం, విడిగా ఉన్న ఆకు ఆ చట్టం కిందికి రాదు. అందుకే ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ లైసెన్సుతోనే భంగు దుకాణాలు నడుస్తాయి. మన జిల్లాల్లో పత్తిచేను నడుమ గంజాయి మొక్కలు పెంచిన రైతు మాత్రం జైలుకు పోతాడు.

ఇలాంటి ప్రశ్న వస్తే పై అధికారులకు లోబడమన్న రోమా 13వ అధ్యాయాన్ని చూపి, ‘కేంద్రమే పెద్దది, దానికి లోబడు’ అని ముగించే సేవకులున్నారు. నాకది సరిపోదనిపిస్తుంది. రేపు ఆ కేంద్రమే చట్టం మార్చుకుంటే మన బోధ ఏమవుతుంది? గెజిట్‌తో మొదలై గెజిట్‌తో ముగిసే పరిశుద్ధత మనకెందుకు? దానియేలు కూడా పరదేశానికి చదువుకు వెళ్లినవాడే. రాజు భోజనం, రాజు తాగే ద్రాక్షారసం అక్కడ నేరం కాదు సరికదా, రాజే ఏర్పాటు చేశాడు. అయినా అతడు ముందే మనసులో నిశ్చయించుకుని వద్దన్నాడు (దానియేలు 1:8). తర్వాత ప్రార్థనే నేరమని శాసనం వచ్చినప్పుడు మాత్రం ఆపలేదు (6:10). మెలకువగా ఉండమని పేతురు రాసిన మాటకు (1 పేతురు 5:8) రాష్ట్రాల సరిహద్దులు లేవు. వైద్యుడు మందుగా ఇచ్చేది వేరే సంగతి, దాన్ని దీనితో కలపను.

తప్పు ఆ పిల్లవాడిదే అనలేను. వీసా వచ్చిందని కృతజ్ఞతార్పణ తెస్తే సంతోషంగా అందుకున్నాం. పాస్‌పోర్టు మీద చేయి ఉంచి ప్రార్థన చేశాం. అక్కడ ఏమి ఎదురవుతుందో ఒక్క సాయంత్రమైనా కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ నేరంలో నాకూ భాగముంది.

చివరికి ఆ తల్లీకొడుకులకు ఇలా చెప్పాను: వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని కలవండి, ఆ ప్రశ్నకు చట్టప్రకారం జవాబేమిటో ఆయన చెప్పాలి. తెలిసి అబద్ధం రాయవద్దని చెప్పడం మాత్రం నా పని. ‘పొలం కుదువ పెట్టి పంపినం అయ్యగారూ’ అంది ఆమె. తెలుసు. నిజం చెప్పి అతడు ఉద్యోగం పోగొట్టుకుంటే ఆ అప్పు సంఘం భారం కూడా అవుతుందని పెద్దల సమావేశంలో చెప్పాను. కొందరు తలలు వంచుకున్నారు, ఒక పెద్దాయన మాత్రం ‘ఎంత?’ అని అడిగారు.

ఆమె రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. మూడో ఆదివారం వచ్చి ప్రార్థన విన్నపాల్లో కొడుకు పేరు చెప్పింది. ఇంటర్వ్యూ తేదీ ఇంకా రాలేదు.