తెగేలా కట్టిన కట్ట, తెగకూడని గేటు

కృష్ణా పశ్చిమ డెల్టాలో వేటపాలెం చివరి ఊళ్లలో ఒకటి. సీతానగరం దగ్గర కృష్ణ నుంచి బయల్దేరిన నీరు దుగ్గిరాల దాటి, కొమ్మమూరు కాలువ పట్టుకుని పెదగంజాం వైపు రావాలి. సాగు రోజుల్లో పైవాళ్లు వాడుకోగా మిగిలిందే ఇక్కడికి చేరుతుంది. వాన ముంచెత్తితే మాత్రం పైవాళ్ల మురుగంతా రొంపేరు డ్రెయిన్ మీదుగా ఇటే దిగుతుంది. ఎగువన ఒక గేటు మొరాయిస్తే కరువైనా, ముంపైనా ముందు తగిలేది ఇలాంటి ఊళ్లకే.

మన నదుల మీద గేట్లు ఎలా ఉన్నాయి? 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు వరదలో కొట్టుకుపోయింది. స్టాప్‌లాగ్ (గేటు స్థానంలో దించే తాత్కాలిక అడ్డు) దించడానికి నిల్వ ఉన్న నీటిని కిందకు వదిలేయాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు, ఒక గేటు పనిచేయని స్థితిలోనే పెద్ద వరదను ఎదుర్కొంది. మట్టికట్ట తెగింది, ఊళ్లు పోయాయి, మనుషులు పోయారు. 2022 ఆగస్టు చివర మద్దిపాడు మండలం మల్లవరంలో గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు పోయింది. 2023 డిసెంబర్‌లో, బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను వెంటనే, అక్కడే ఇంకో గేటు పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగింది.

ఇవన్నీ ఇనుప గేట్ల మీద ఆధారపడిన కట్టడాలే. వీటి పక్కన జపాన్ పల్లెల పాత కర్ర ఆనకట్టల్ని పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడి రైతులు ఏట్లో కొయ్య గుంజలు దిగ్గొట్టి, వాటి మధ్య చెట్ల కొమ్మలు, గడ్డి, రాళ్లు కూరి వరి నాట్ల వేళకు నీటిని మళ్లించుకునేవారు. పెద్ద వరదకు అది పోతుందని కట్టేటప్పుడే తెలుసు. పోతే మళ్లీ ఊరంతా కలిసి కట్టుకోవాలి. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకోటుంది. ఎగువ, దిగువ ఊళ్ల మధ్య నీటి తగాదాలు తీరేటప్పుడు, కట్టకు ఏ సరుకు వాడాలో కూడా ఒప్పందాల్లో రాసుకునేవారు. కొమ్మలు, రాళ్లు వాడొచ్చు. మట్టితో సందులు పూడ్చకూడదు. సందుల్లోంచి కారే నీరు కింది ఊరి వాటా మరి! కాలువ చివరనున్న మన రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

వరదను అదుపు చేయడానికీ వాళ్లు కర్రనే నమ్మారు. 16వ శతాబ్దంలో తకెదా షింగెన్ ఏలుబడిలో కమనషి నది ఒడ్డున చేసిన పనులు ఇప్పటికీ పాఠాలుగా చెబుతారు. దుంగల్ని ముక్కోణపు చట్రాలుగా కట్టి, రాళ్లు నింపిన వెదురు బుట్టల్ని వాటిమీద బరువుగా పెట్టి ఏట్లో నిలిపేవారు. అవి ప్రవాహాన్ని ఆపవు, వడి తగ్గిస్తాయి. వడి తగ్గిన చోట ఇసుక మేట వేసి ఒడ్డు తనంతట తానే గట్టిపడుతుంది.

మనకూ ఇది కొత్త కాదు. పాత చెరువుల కలుజుల (అదనపు నీరు పొర్లిపోయే చోట్ల) మీద వరసగా నిలువు రాళ్లు పాతేవారు. వానలు వెనకపట్టాక ఆ రాళ్ల నడుమ మట్టి, గడ్డి, పలకలు కూర్చి కొన్ని అడుగుల నీటిని అదనంగా నిలిపేవారు. వరదొస్తే ఆ పూడిక తీసేసేవారు. తీయడం ఆలస్యమైతే ముందు పోయేది అదే, చెరువుకట్ట నిలిచేది. కరెంటు మీటర్లో ఫ్యూజు చేసే పని అదే కదా! 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట మీద తర్వాత అమర్చిన ఇనుప తలుపులదీ ఇదే పద్ధతి: వరద బరువుకు వాలిపోయేవి, తగ్గాక మనుషులు లేపి నిలబెట్టేవారు. ఆ ఆనకట్ట 1952లో తెగింది. దాని బదులు 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

పాతదీ కొత్తదీ పోల్చడానికి గుండ్లకమ్మనే తీసుకోండి. అదే నది మీద ఎగువన కంభం చెరువు దాదాపు 500 ఏళ్లుగా నిలిచి ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది. దిగువన 2008లో ప్రారంభమైన మల్లవరం ప్రాజెక్టు గేట్లు రెండు దాదాపు పదిహేనేళ్లకే ఊడిపోయాయి. పాతవాళ్లకు మనకు మించిన ఇంజనీరింగ్ తెలుసని నేననను. వాళ్లకు మరమ్మతు ఖర్చు ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసు. చెరువు బాగోగులు చూసేవాడికి దశబంధ మాన్యం ఉండేది, ఆ భూమి మీద వచ్చేది చెరువుకు ముడిపడి ఉండేది. ఆ మరమ్మతుల్లో వెట్టి కూడా ఉండేదన్నది దాచకూడని నిజం. వెట్టి పోయింది, మంచిదే. దానితో పాటు ఏటా ఎవరు పూనుకోవాలన్న లెక్కా పోయింది.

2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పడవలు ఢీకొని గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. అలాంటి నదికి కర్రలు అడ్డం పెట్టమనేవాడు ఎవడూ ఉండడు. కానీ వాగులకు, మురుగుకాలువల ఒడ్లకు, తరచూ గండిపడే చిన్న కట్టలకు ప్రతిసారీ కాంక్రీటే మందా? జపాన్ వైద్యుడు తెత్సు నకమురా అఫ్గానిస్థాన్‌లో కునార్ నది నుంచి 25 కిలోమీటర్ల కాలువ తవ్వించినప్పుడు, తన సొంత ప్రాంతంలోని యమద ఏటవాలు రాతి ఆనకట్టను నమూనాగా తీసుకున్నాడు. ఒడ్లకు రాళ్ల బుట్టలు పేర్పించాడు, వెనక నిరవంజి (విల్లో) చెట్లు నాటించాడు. ఆయన 2019లో హత్యకు గురయ్యాడు. పెద్ద యంత్రాలు లేకుండా ఊరివాళ్లే బాగుచేసుకోగల పద్ధతి గనుక ఆ కాలువ ఆయన తర్వాతా పారుతోంది.

మన దగ్గర 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. 2024 డిసెంబర్‌లో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. సంఘాలకు అధ్యక్షులున్నారు, చేతిలో పైసలుండవు. కొత్త ప్రాజెక్టుకు శంకుస్థాపన రాయి ఉంటుంది. గేటు గొలుసుకు గ్రీజు పెట్టినందుకు శిలాఫలకం ఎవరూ వేయరు. అందుకే నిర్వహణ నిధిని బడ్జెట్‌లో విడిగా, మరో పద్దుకు మళ్లించే వీల్లేకుండా పెట్టాలి. ప్రతి ప్రాజెక్టు దగ్గరా స్టాప్‌లాగులు సిద్ధంగా ఉండాలి. ఏటా మే నెలాఖరుకు ఏ గేటు ఏ స్థితిలో ఉందో ఆయకట్టు గ్రామాల పంచాయతీ గోడల మీద రాయించాలి. అది అడగాల్సింది కాలువ చివరి ఊళ్ల సంఘాలే. వచ్చే వరదకు ముందే అడగండి.