పలక తడవదు సరే... నేల సంగతేమిటి?

చెక్క నేలంటే మనకెంత మోజో కదా! టీవీ సీరియల్లో పెద్దింటివాళ్ళ హాలు కనబడితే చాలు, కథ మరిచిపోయి నేల వంక చూస్తాం. "మనింట్లో కూడా ఇలా ఉంటే ఎంత బావుణ్ణు" అనుకుంటాం. కానీ కాకినాడలోనో, మచిలీపట్నంలోనో, విశాఖలోనో ఉండే ఇల్లాలికి ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొస్తుంది. నాలుగు వానలు పడేసరికి వీధి తలుపే ఉబ్బిపోయి మూసుకోనని మొరాయిస్తుంది. ఇక నేలమీద పరిచిన చెక్క ఊరుకుంటుందా?

సరిగ్గా ఈ బెంగ తీర్చడానికే వచ్చానంటుంది వినైల్ ప్లాంక్. షాపులో 'ఎల్.వి.పి.' అనీ, 'ఎస్.పి.సి.' అనీ చెబుతుంటారు. చూడ్డానికి అచ్చం టేకు చెక్కే. నీళ్ళు పోసినా ఉబ్బదు, చెదలు పట్టవు, పాలరాయిలా కాళ్ళకి చల్లగా తగలదు. పాత గచ్చు పగలగొట్టే పని లేకుండా దానిమీదే పరిచేయొచ్చంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే షాపువాళ్ళు పలక సంగతి చెబుతారు గానీ మీ నేల సంగతి చెప్పరు. అది వాళ్ళకి తెలియదు కూడా. తెలుసుకోవలసింది మనమే. ఈవారం కబుర్లన్నీ దాని గురించే.

ముందు ఈ పలక ఏమిటో చూద్దాం

వినైల్ అంటే పి.వి.సి. మనింట్లో నీళ్ళ పైపులు చేసే పదార్థమే. గట్టిగా ఉండే ఆ పి.వి.సి.ని మెత్తగా, వంగేలా చేయవచ్చని 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాక అది ఇళ్ళలోకి రావడం మొదలైంది. ఇప్పటి పలకలో పొరలుంటాయి. అడుగున గట్టి దిమ్మ, దానిమీద చెక్క బొమ్మ అచ్చువేసిన పల్చని పొర, అన్నిటికంటే పైన అద్దంలాంటి రక్షణ పొర. ఎస్.పి.సి. రకంలో ఆ దిమ్మని సున్నపురాయి పొడి, పి.వి.సి. కలిపి చేస్తారు. అందుకే అది రాయిలా బరువుగా, గట్టిగా ఉంటుంది.

మొత్తం మందం మామూలుగా 4 నుంచి 6 మిల్లీమీటర్లు. కొనేటప్పుడు ఆ మందం ఒక్కటే అడిగి ఊరుకోకండి. "పైపొర ఎంత?" అని కూడా అడగండి. పిల్లలు తిరిగే హాలుకి 0.5 మిల్లీమీటర్ల పైపొర ఉంటే నిశ్చింత. ఎవరూ పెద్దగా తిరగని పడగ్గదికి 0.3 చాలు.

పలకల్ని నేలకి అతికించే పద్ధతి ఒకటుంది. ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో టక్కుమని కూర్చోబెట్టే పద్ధతి ఇంకొకటి. ఈ రెండో రకం నేలకి అంటుకోదు. చాప పరిచినట్టు పైన ఉంటుందన్నమాట.

అసలు చిక్కు ఎక్కడుంది?

అన్నం వండి గిన్నెమీద మూత పెడతాం. కాసేపయ్యాక మూత తీస్తే లోపలివైపంతా నీటిబొట్లు. మూత తడవదు, చెడిపోదు. కానీ ఆవిరి పోవడానికి దారిలేక అక్కడే ఆగిపోయింది. వినైల్ నేల సంగతీ అంతే.

మన కింది వాటా ఇళ్ళలో భూమిలోంచి చెమ్మ నిత్యం పైకి పాకుతూనే ఉంటుంది. సిమెంటు గచ్చు, మొజాయిక్, బేతంచెర్ల బండల సందులు దాన్ని కొద్దికొద్దిగా పైకి వదిలేస్తాయి. ఫ్యాను గాలికి, కిటికీలోంచి పడే ఎండకి ఆరిపోతుంది కనక మనకి తెలియదు. అదే నేలమీద నీళ్ళు దిగని పలక పరిచామనుకోండి, మూత పెట్టినట్టే! పైన మెరుపు మెరుపుగానే ఉంటుంది. కింద మాత్రం నీరు నిలుస్తుంది, బూజు పడుతుంది. అతికించిన పలకలైతే జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి. గోడవారగా వేసిన చెక్క స్కర్టింగ్ ఉబ్బుతుంది. గదిలోకి అడుగుపెట్టగానే ముక్కవాసన కొడుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్న మామగారో, నేలమీద పాకే పసిబిడ్డో ఉంటే ఆ బూజు గాలి వాళ్ళకి ఎంత చెరుపో వేరే చెప్పాలా?

"గ్యారంటీ కాగితం ఉందిగా" అంటారా? దాన్ని ఓపిగ్గా చదవండి. నేల అడుగునుంచి వచ్చే చెమ్మవల్ల కలిగే నష్టానికి తమకి సంబంధం లేదని చాలా కాగితాల్లో రాసి ఉంటుంది. చీటీ పాడి దాచిన డబ్బు ఒక్క వానాకాలంలో వృథా అయితే అడిగేవాళ్ళుండరు.

పైసా ఖర్చులేని పరీక్ష

కొనడానికి ముందే ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు. కావలసినవి కాస్త మందపాటి ప్లాస్టిక్ కాగితం, వెడల్పాటి టేపు, అంతే.

కాగితాన్ని అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ముక్కలుగా కత్తిరించుకోండి. నేల శుభ్రంగా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. గది మధ్యలో ఒకటి, బయటిగోడ వారగా ఒకటి, స్నానాలగది గోడ పక్కన ఒకటి పెట్టి నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. ఎండ తగిలే చోట పెట్టకండి. కనీసం 16 గంటలు కదపవద్దు. రెండు రోజులుంచితే ఇంకా మంచిది. ఆ తర్వాత తీసి చూడండి.

కాగితం అడుగున నీటిబొట్లున్నా, కింద నేల రంగు ముదిరి నల్లబడినా చెమ్మ భూమిలోంచి వస్తోందని అర్థం. కాగితం పైన మాత్రమే చెమర్చి, కింద పొడిగా ఉంటే అది గదిలోని గాలి చెమ్మ. చల్లటి నేలకి తగిలి నీరైందంతే. రెండువైపులా పొడిగా ఉంటే సంతోషం. కానీ ఒక్కమాట! ఈ పరీక్ష మే నెలలో చేసి మురిసిపోకండి. వానలు బాగా పడి భూమి నానాక, అంటే ఆగస్టు మొదలు నవంబరు లోపల చేయండి. నెల్లూరు వైపు వాళ్ళకి అక్టోబరు, నవంబరుల్లోనే పెద్ద వానలు కనక అప్పుడు చేస్తేనే నిజం తెలుస్తుంది. నేలమీద, గోడల అడుగున తెల్లగా ఉప్పు పొంగుతుంటే మాత్రం పరీక్షతో పని లేదు. చెమ్మ ఉన్నట్టే.

చెమ్మ ఉందని తేలితే?

కంగారుపడకండి. ముందు అది ఎక్కడినుంచి వస్తోందో చూడండి. ఇంటి చుట్టూ ఒకసారి నడవండి. డాబా మీది వాననీరు గొట్టంలోంచి సరిగ్గా గోడ మొదట్లోనే పడుతోందా? పెరట్లో మట్టి ఇంటి నేలకంటే ఎత్తుగా పేరుకుందా? గోడకానించి పూలమొక్కలు పెట్టి రోజూ నీళ్ళు పోస్తున్నారా? స్నానాలగది పైపు ఎక్కడైనా కారుతోందా? వీటిని సరిచేసి ఒక వానాకాలం గడిచాక మళ్ళీ పరీక్షించండి. చాలా ఇళ్ళలో సగం చెమ్మ ఇక్కడే తగ్గుతుంది.

కొద్దిపాటి చెమ్మైతే పలకల కింద 0.15 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలిథిన్ షీటు పరుస్తారు. షీటుమీద షీటు కనీసం 8 అంగుళాలు ఎక్కేలా వేసి టేపు అంటించాలి. గోడల దగ్గర కాస్త పైకి మడవాలి. కానీ నీరు ఊరే నేలకి ఇది మందు కాదు. కింద మడుగు కట్టి కూర్చుంటుంది. అలాంటి నేలకి టైల్సే మేలు. "వద్దు" అనుకోవడం కూడా పొదుపేనండీ!

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. కొత్త కాంక్రీటులో నీరు చాలాకాలం ఉంటుంది. అంగుళం మందానికి సుమారు ఒక నెల ఆరాలని అనుభవజ్ఞుల లెక్క. 4 అంగుళాల నేలకి నాలుగు నెలలన్నమాట. వానాకాలమైతే ఇంకా ఎక్కువే. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చిందని తడి నేలమీద పలకలు పరిపించకండి. గచ్చుమీదే పాలు పొంగించుకోండి, హాయిగా బంధువులకి భోజనాలు పెట్టండి. పలకలు తర్వాతైనా వస్తాయి. ముహూర్తం ఇంటికి గానీ ఫ్లోరింగుకి కాదు కదా!

పనివాళ్ళు వచ్చిన రోజు

ఆ రోజు ఇంట్లో ఉండేది సాధారణంగా మీరే. కాఫీలు అందించడంతోపాటు ఈ నాలుగూ గమనించండి. "అమ్మగారికి అన్నీ తెలుసు" అనుకుంటే పని కూడా బాగా చేస్తారు.

పెట్టెలు రాగానే పని మొదలెట్టనివ్వకండి. వేయబోయే గదిలోనే పడుకోబెట్టి రెండు రోజులుంచండి. గది వేడికి పలకలు అలవాటుపడాలి. డాబామీద ఎండలోనో, వరండాలో వానజల్లులోనో పెడితే కుదరదు.

నేల చదును చూపించమనండి. 10 అడుగుల పొడవులో 5 మిల్లీమీటర్లకి మించి ఎత్తుపల్లాలు ఉండకూడదు. పొడవాటి బద్ద నేలమీద ఆనిస్తే సందు కనబడుతుంది. పాత టైల్స్ మీద వేస్తుంటే వేలితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినవి ఊడదీసి సరిచేయాలి. పెద్ద సందులు పూడ్చాలి. లేకపోతే నడిచినప్పుడల్లా పలక కిందికి దిగుతుంది, గాడి విరుగుతుంది.

గోడ చుట్టూ 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఎండకి పలక సాగుతుంది. చోటులేకపోతే మధ్యలో పైకి లేస్తుంది. గడప దగ్గరా, స్తంభం చుట్టూ కూడా ఈ ఖాళీ తప్పదు. పైన స్కర్టింగ్ కప్పేస్తుంది కనక కనబడదు. ఆ స్కర్టింగ్ మేకులు గోడకి కొట్టాలి, పలకకి కాదు.

వరసకీ వరసకీ అతుకులు ఒకే గీతలో రాకూడదు. కనీసం 6 నుంచి 8 అంగుళాలు ఎడంగా ఉండాలి. పలక అడుగున ఫోమ్ అతికించి వస్తే, ఇంకో ఫోమ్ మెత్తగా ఉంటుందని వేయించకండి. అతుకులు విరుగుతాయి. వంటింటి అల్మరాల్లాంటి కదలని బరువులు ముందు బిగించి, వాటి ముందువరకే పలకలు పరిపించండి.

కొలతకి వస్తే 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గది 120 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి పదోవంతు కలిపి 132 కొనండి. ఆపైన ఒక పెట్టె అటకమీద దాచుకోండి. రేపు ఒక పలక పాడైతే అదే రంగు బజారులో దొరకకపోవచ్చు.

వేయించాక మన అలవాట్లు

పండగొస్తే బకెట్లతో నీళ్ళు పోసి ఇల్లు కడగడం మన ఆనవాయితీ. ఈ నేలకి అది పనికిరాదు. పలక తడవదు గానీ అంచుల్లోంచి, గోడవారలోంచి నీరు కిందికి దిగుతుంది. దిగిన నీరు పైకి రాదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. నీళ్ళు ఒలికితే వెంటనే ఒత్తేయండి. టైల్స్ కడిగే యాసిడ్ దగ్గరికి రానివ్వకండి.

రబ్బరు అడుగున్న కాళ్ళపట్టాలు వేయకండి. రబ్బరు తగిలినచోట పసుపుపచ్చ మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. రాతిపొడి ముగ్గు గడప బయటే ఉండనివ్వండి. కాలికింద పడితే పైపొర గీసుకుంటుంది. లోపల వేయాలనుకుంటే బియ్యప్పిండి మేలు. పొయ్యిమీంచి దించిన గిన్నె నేలమీద పెడితే గుండ్రటి మచ్చ శాశ్వతం. దీపం, సాంబ్రాణి నిప్పు ఉండే దేవుడిగదిని, స్నానాలగదిని, వానజల్లు పడే బాల్కనీని ఈ పలకలకి దూరంగా ఉంచండి. పడమటి ఎండ నేరుగా పడే కిటికీకి మందపాటి కర్టెను వేయండి.

వానాకాలంలో బట్టలు హాల్లో ఆరేస్తే ఆ నీరంతా గాలిలోకే చేరుతుంది. తప్పకపోతే ఒకే గదిలో ఆరేసి, ఫ్యాను వేసి, కిటికీ తీసి ఉంచండి. సెలవులకి పుట్టింటికి వెళ్ళొచ్చాక మొదటిరోజు తలుపులన్నీ బార్లా తీసి ఇంటిని గాలి పీల్చుకోనివ్వండి.

చివరిగా ఒక్కమాట. షాపులో "ఇది వాటర్‌ప్రూఫ్ అండీ" అనగానే తలాడించకండి. "పైనుంచి సరే, కిందినుంచి?" అని అడగండి. వానాకాలంలో మీ నేలమీద రెండు రోజులుంచిన ప్లాస్టిక్ కాగితం దానికి జవాబు చెబుతుంది. ఆ జవాబు వచ్చాకే బీరువా తాళం తీయండి. ఇంటికి అందం వారం రోజులు ఆలస్యంగా వచ్చినా పరవాలేదు, వచ్చింది నిలవాలి కదూ!