భూకంపము - ఆకాశవార్త

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతమున అతి పురాతనమైన రాతినేల కలదు. అట్టి నేలపై నివసించువారికి "ఈ భూమి కదలదు" అను ధైర్యము కలుగుట సహజము. మహారాష్ట్రమందలి కిల్లారి ప్రజలును అట్లే భావించిరి. కాని 1993వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున అచ్చట భూమి కంపించి, సుమారు పదివేలమంది మరణించిరి. ఇట్టి ఆపదను ముందుగా తెలిసికొనుటకు మార్గము లేదా?

ఈ ప్రశ్నకు సమాధానమును శాస్త్రజ్ఞులు ఆకాశమునందు కూడ వెదకుచున్నారు. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జి.పి.యస్. ఉపగ్రహముల రేడియో సంకేతములు, విద్యుత్కణములతో నిండిన అయనోవరణమును దాటి భూమిని చేరును. ఆ పొరలో కలత పుట్టినచో సంకేతముల రాకలో స్వల్పభేదము కలుగును. దానిని కొలిచి కలతను గుర్తింతురు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో కూడ ఇట్టి సంకేతములను గ్రహించు కేంద్రము నెలకొల్పబడినది.

చెరువులో రాయి పడినపుడు అలలు లేచినట్లు, పెద్ద భూకంపము గాలిలో తరంగములను పుట్టించును. అవి సుమారు పది నిమిషములలో అయనోవరణమును చేరును. 1964లో అలాస్కాలోను, 2011లో జపానులోను భూకంపముల తరువాత ఈ కలతలు కనబడెను. సునామీ అలలు సముద్రమున పయనించునపుడును ఇట్టి జాడ పైకి చేరును. కావున దూరతీరములను హెచ్చరించుటకు ఈ విద్య తోడ్పడగలదు.

భూకంపమునకు ముందే ఆకాశము మారునా? జపానులో సుమారు నలువది నిమిషములకు ముందే మార్పు కనబడినదని కొందరు శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఇతరులు దానిని అంగీకరింపలేదు. సూర్యుని ప్రభావము వలన కూడ అయనోవరణము తరచుగా కలతపడుచుండును. కావున ప్రతి కలతను భూకంప సూచనయని చాటుట తగదు. "నాన్నా, పులి!" అని పలుమారులు అరచిన బాలుని కథ అందరికిని తెలిసినదే. వట్టి హెచ్చరికలు విన్న ప్రజలు నిజమైన హెచ్చరికను కూడ నమ్మరు.

కిల్లారిలో పెక్కుమంది తమ ఇండ్లక్రిందనే నలిగి మరణించిరి. మట్టితో పేర్చిన రాతిగోడలు, బరువైన మట్టికప్పులు వారిపై కూలెను. గోడలను బంధించు పట్టీలు, తేలికైన కప్పులు ఉండినచో ఎన్నో ప్రాణములు దక్కెడివి. ఆకాశపరిశోధన తప్పక సాగవలెను. కాని దాని ఫలితమునకై వేచియుండక, మర్రిగూడలోనైనను, మహానగరములోనైనను, ఇల్లు కట్టువారు నేడే గోడను దృఢముగా కట్టుట వివేకము.