పెట్టె మీద ఎవరి పేరు?

ఉరవకొండలో మొదలై అనంతపురం, కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి చేరే 42వ జాతీయ రహదారి మీద ఇప్పటికీ తిరుగుతున్న బండ్లలో చాలా మోడళ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. క్వాలిస్ ఆగి ఇరవై ఏళ్లయింది. మారుతి 800 చివరి బండి 2014 జనవరిలో బయటికొచ్చింది. ఇండికా 2018లో, సుమో, ఓమ్నీ 2019లో వెళ్లిపోయాయి. అయినా వాల్మీకిపురం పల్లెల నుంచి మదనపల్లెకు, కుప్పం పల్లెల నుంచి పీఈఎస్ ఆసుపత్రికి, పుంగనూరు నుంచి పెళ్లిళ్లకూ తిరుపతి యాత్రలకూ జనాన్ని మోసుకుపోయేవాటిలో ఇవి ఇంకా ఉన్నాయి. వీటి మీద బతికే డ్రైవరుకు అది పాత కారు కాదు, ఇంటి ఆదాయం.

అలాంటి బండికి క్లచ్ ప్లేటు అరిగితేనో వీల్ బేరింగ్ కూత పెడితేనో షెడ్డులో వినిపించే ప్రశ్న ఒకటే: "ఒరిజినల్ ఎయ్యాల్నా, లోకల్ ఎయ్యాల్నా అన్నా?" ప్రశ్నను ఈ రెండు ముక్కలుగా అడిగినంత కాలం యజమాని నష్టపోతూనే ఉంటాడు. షోరూమ్‌లో కొంటే డబ్బు పోతుంది, బయట కొంటే భరోసా పోతుంది. తేల్చుకోవాల్సింది ఎక్కడ కొన్నామన్నది కాదు. ఆ వస్తువును ఎవరు తయారు చేశారు, తేడా వస్తే ఎవరు జవాబు చెబుతారు అన్నది.

కారు కంపెనీ తన కారులోని భాగాలలో అధిక శాతాన్ని తాను తయారు చేయదు. బ్రేకులు, క్లచ్, బేరింగులు, ఫిల్టర్లు, లైట్లు, బ్యాటరీ వేరే కంపెనీల నుంచి వస్తాయి. ఈ సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. తిరుపతి పక్కన కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా కొత్త కార్లలో బిగించే బ్యాటరీలూ ఇస్తుంది, అమరాన్ పేరుతో అంగళ్లలోనూ అమ్ముతుంది. మదనపల్లెలో అమరాన్ బ్యాటరీ కొన్నవాణ్ణి డూప్లికేట్ కొన్నావని ఎవరూ అనరు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే షోలింగర్‌లో బ్రేక్స్ ఇండియా ఫౌండ్రీ ఉంది. కార్ల కంపెనీలకు బ్రేకులు సరఫరా చేసే ఆ సంస్థే టీవీఎస్ గర్లింగ్ పేరుతో బయటి మార్కెట్లోనూ అమ్ముతుంది. బ్యాటరీ విషయంలో ఉన్న ధీమా బ్రేకు ప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పోతుంది? బ్యాటరీ మీద తయారీదారు పేరు కనబడుతుంది. బ్రేకు ప్యాడ్ అయితే పెట్టెలోంచి తీసి, పాతది ఊడబెరికి, బిగించేస్తారు. బండి యజమాని ఆ పెట్టెను చూడనే చూడడు.

బయటి సామాను అని మనం ఒకే గాటన కట్టేసేదాంట్లో నిజానికి చాలా రకాలున్నాయి. కారు కంపెనీకి సరఫరా చేసే సంస్థే తన సొంత పేరుతో అమ్మేది ఒకటి. ఏ కారు కంపెనీకీ సరఫరా చేయకపోయినా సొంత పేరు, చిరునామా పెట్టుకుని నిజాయితీగా అమ్మేది ఇంకొకటి. పేరూ ఊరూ లేకుండా ప్లాస్టిక్ సంచిలో వచ్చేది మరొకటి. పేరున్న కంపెనీ పెట్టెను అచ్చంగా ముద్రించి లోపల నాసిరకం పెట్టేది అన్నిటికంటే ప్రమాదకరం. ఇవిగాక చెన్నై పుదుపేటలాంటి చోట్ల పాత బండ్లు విప్పి అమ్మే సెకండ్స్ ఉన్నాయి. మొదటి రకానికీ నాలుగో రకానికీ మధ్య ఉన్న దూరం ముందు షోరూముకూ అంగడికీ మధ్య ఉన్న దూరం చాలా చిన్నది. కానీ షెడ్డు ముందు నిలబడ్డ మనిషికి ఇవన్నీ "లోకల్" అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి.

ఇలా కలిసిపోవడం యాదృచ్ఛికం కాదు. ఒక కారు యజమాని ఫిర్యాదుతో మొదలైన కేసులో భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన తీర్పు చదివితే కారణం తెలుస్తుంది. మారుతి, టాటా, మహీంద్రా, టయోటా, ఫోర్డ్, హోండాలతో కలిపి 14 కంపెనీలకు కమిషన్ 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తమకు భాగాలు తయారుచేసి ఇచ్చే సంస్థలు వాటిని నేరుగా బయటి మార్కెట్లో అమ్మకుండా ఈ కంపెనీలు ఒప్పందాలతో కట్టడి చేశాయని కమిషన్ తేల్చింది. మరమ్మతు పుస్తకాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వలేదని, బయట రిపేరు చేయిస్తే వారంటీ పోతుందని యజమానులను బెదిరించాయని కూడా చెప్పింది. కొన్ని భాగాల మీద వేసుకున్న లాభం వంద శాతం నుంచి దాదాపు ఐదు వేల శాతం దాకా ఉందని విచారణలో బయటపడింది. జరిమానా ఒక్కటే కాదు, విడిభాగాలను బహిరంగ మార్కెట్‌కు విడుదల చేయాలని, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టరాదని ఆదేశించింది.

తర్వాత జరిగింది మన వ్యాజ్యాల మామూలు కథే. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని కంపెనీల మీద తీర్పును నిలబెడుతూనే, జరిమానాను మొత్తం టర్నోవరు మీద కాక విడిభాగాల అమ్మకాల మీద లెక్కగట్టి తగ్గించింది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు పోటీ చట్టాన్ని చాలావరకు సమర్థించి, కమిషన్ చైర్మన్‌కు అదనపు ఓటు ఇచ్చే నిబంధనను కొట్టేసింది. కంపెనీలు సుప్రీంకోర్టు గడపా ఎక్కాయి. ఈ లోపల ఒక తరం కార్లు తుక్కు అయిపోయాయి.

షోరూమ్ ధర అంతా దోపిడీ అనడం మాత్రం న్యాయం కాదు. తయారీ ఆగిన మోడల్ భాగాన్ని ఏళ్ల తరబడి గోదాములో ఉంచడానికి ఖర్చవుతుంది. తనిఖీకీ, బిల్లుకూ, జవాబుదారీకీ ఖర్చవుతుంది. కొన్ని సందర్భాల్లో ఆ ఖర్చు పెట్టి తీరాలి. మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కి దిగేవాడికి, తిరుపతి దారిలో భాకరాపేట ఘాటు, చిత్తూరు దారిలో మొగిలి ఘాటు దాటేవాడికి బ్రేకు ప్యాడ్, బ్రేకు హోస్, టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్ దగ్గర బేరం ఉండకూడదు. నాసిరకం ప్యాడ్ ఊళ్లో బాగానే పట్టుతుంది. అది మోసం చేసేది దిగుడు మీద, వేడెక్కాక. ఈ భాగాలకు షోరూమ్ పెట్టె కావాలి, లేదా సరఫరాదారు సొంత పెట్టె కావాలి. మూడో మాట లేదు. సెకండ్స్‌లో ఎయిర్ బ్యాగులు, స్టీరింగ్ భాగాలు కొనడం ఆత్మహత్యా సదృశం. ఫిల్టర్లు, వైపర్లు, బల్బులు, రబ్బరు బుష్‌లు, షాకబ్జర్లయితే పేరున్న బయటి సంస్థవి నిశ్చింతగా వేసుకోవచ్చు. తలుపు, బానెట్, డిక్కీ మూతలాంటివి సెకండ్స్‌లో దొరికితే అంతకంటే కావలసింది లేదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఎ సెక్షన్ ఉంది. ప్రభుత్వం కీలక భద్రతా భాగంగా ప్రకటించినదాన్ని ప్రమాణాలకు విరుద్ధంగా ఎవరు అమ్మినా ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. కాగితం మీద ఇది గట్టి చట్టమే. హెల్మెట్ పెట్టుకోని కుర్రాణ్ణి ఆపే తనిఖీ, నకిలీ ప్యాడ్ అమ్మే అంగడి గడప తొక్కినప్పుడే ఆ గట్టిదనం తెలుస్తుంది.

ఇక్కడ మెకానిక్ గురించి చెప్పాలి. చిన్న ఊళ్లో కారు యజమాని కూలి దగ్గర గీచిగీచి బేరమాడతాడు. మధ్యాహ్నమంతా బండి కింద పడుకుని గేరుబాక్స్ దింపినవాడికి ఐదు వందలు ఇవ్వడానికి మనసొప్పదు. ఆ లోటును అతను సామాను మీద వచ్చే కమీషనుతో పూడ్చుకుంటాడు. కమీషను ఎక్కువ వచ్చేది పేరులేని సరుకు మీదే. కూలి నిండుగా ఇచ్చి, సామాను మనమే బిల్లుతో కొని తెచ్చి, కొత్త పెట్టెను మన ముందు విప్పించి, పని అయ్యాక ఖాళీ పెట్టెను చించేస్తే సగం మోసం ఆగుతుంది. చించడం ఎందుకంటే నకిలీ వ్యాపారికి అసలు పెట్టె కంటే విలువైన ముడిసరుకు లేదు. నా దృష్టిలో మెకానిక్ ఈ సమస్యలో దోషి కాదు. అతని నైపుణ్యానికి మనం కట్టిన తక్కువ ధరే అసలు దోషం.

బిల్లు సంగతి కూడా ఇందులో భాగమే. బెంగళూరు జె.సి.రోడ్డు నుంచో చెన్నై నుంచో పార్శిలుగా వచ్చే సరుకులో బిల్లు లేనిది చవక. 2025 సెప్టెంబర్ 21 దాకా చాలా విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, కాబట్టి ఆ చవకకు అర్థం ఉండేది. ఇప్పుడది 18 శాతానికి దిగింది. బిల్లు ఉంటేనే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారునూ అమ్మినవాణ్ణీ జిల్లా కమిషన్ ముందుకు పిలవగలం. ఐదు లక్షల లోపు విలువైన కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు.

బీమా ఉంది కదా అనుకునేవాళ్లు ఒక లెక్క గమనించాలి. మామూలు సమగ్ర పాలసీలో బండి పదేళ్లు దాటితే లోహపు భాగాల ధరలో సగం తరుగుగా కోసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు ఏ వయసులోనైనా సగం కోతే. అంటే షోరూమ్ ధర రెట్టింపైతే ఆ భారంలో సగం నేరుగా పాత కారు యజమాని జేబులోంచే పోతుంది. ఇక థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవాడికి ఆ సగం కూడా రాదు.

కంపెనీయే దేశం విడిచిపోతే షోరూమ్ భరోసా ఏమవుతుంది? జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో వెళ్లిపోతున్నానంది. ఆ కార్లను ఈ రోజుకూ నడిపిస్తున్నదాంట్లో సరఫరాదారుల సొంత పెట్టెల వాటా పెద్దది. వాటిని బయట అమ్మనివ్వకూడదని పట్టుబట్టిన పద్ధతి ఎంత అన్యాయమో ఈ రెండు కంపెనీల కార్ల యజమానులను అడిగితే చెబుతారు.

అమెరికాలో ఫలానా బ్రాండు భాగమే వాడాలన్న షరతుతో వారంటీని ముడిపెట్టకూడదని 1975లోనే చట్టం వచ్చింది. ఐరోపాలో సరఫరాదారు తన పేరుతో బయట అమ్ముకునే హక్కును 2010 నాటి నిబంధన కాపాడుతోంది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు కమిటీ వేసి, అదే డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. కార్లూ ఆ జాబితాలో ఉన్నాయి. పోర్టల్ మంచిదే, కానీ హక్కు చట్టంగా మారాలి. ప్రతి మోడల్‌కూ ఏ భాగం ఏ సంస్థ తయారు చేసిందో, ధర ఎంతో కారు కంపెనీ బహిరంగంగా ప్రకటించాలి. అది తెలుగులోనూ ఉండాలి.

త్వరపడాల్సిన కారణం ఒకటుంది. సుమో, క్వాలిస్ తరం బండ్లను చెవితో విని, చేత్తో తడిమి బాగుచేయగలిగారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సరు మార్చాలన్నా స్కానర్ కావాలి. కొన్ని భాగాలు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే తప్ప పనిచేయవు. పెనుకొండ దగ్గర తయారై 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన కియా సెల్టోస్ తొలి బండ్లకు మామూలు వారంటీ గడువు ఎప్పుడో దాటింది. మన సీమలోనే పుట్టిన ఆ కార్లు ఇక మదనపల్లె, పుంగనూరు షెడ్లకు వస్తాయి. వాటిని విప్పే కుర్రవాడికి స్కానరూ, మరమ్మతు పుస్తకమూ, సరఫరాదారు పెట్టే అందుతాయా లేదా అన్నది కంపెనీల దయకు వదిలేయకుండా రవాణా శాఖ, పోటీ కమిషన్ ఇప్పుడే తేల్చాలి.